‘ద వే బ్యాక్’: తాగుడును సరిగ్గా చూపింది, మానడాన్ని దాటేసింది

2020లో వచ్చిన ఈ సినిమాలో ఫ్రిజ్ సీను ఒక్కటి చాలు, తీసినవాళ్లకు తాగుడు ఎంత దగ్గరగా తెలుసో చెప్పడానికి. జాక్ (బెన్ అఫ్లెక్) ఫ్రిజ్‌లోని బీరు డబ్బా ఒకటి ఫ్రీజర్‌లో పెట్టి, అంతకుముందు పెట్టింది తీసుకుంటాడు. చేతిలోది అయ్యేలోపు లోపలిది బాగా చల్లబడాలి. రాత్రంతా ఇదే వరస. స్నానం చేస్తున్నా డబ్బా పక్కనే. తూలడు, అరవడు, పొద్దున్నే కట్టడం పనికి పోతాడు. మన దగ్గర ఇట్లాంటి బేల్దారినే ‘తాగినా పని మానడు’ అని ఇంట్లోవాళ్లు ఏళ్లతరబడి వెనకేసుకొస్తారు.

కొడుకు క్యాన్సర్‌తో పోయాడు, భార్య విడిగా ఉంటోంది. తాను చదివిన బడిలోనే బాస్కెట్‌బాల్ కోచ్‌గా పిలుపొస్తుంది. ఆటల భాగం ముందే ఊహించేయొచ్చు. దర్శకుడు గావిన్ ఓకానర్ బలమంతా ఆ తర్వాత కనిపిస్తుంది. జట్టు గెలుస్తున్న రోజుల్లోనే, తెలిసినవాళ్ల పిల్లాడికి జబ్బు తిరగబెట్టిందని ఆసుపత్రికి పోతాడు. అక్కడ కొడుకు గుర్తొస్తాడు, మళ్లీ తాగుతాడు, ఉద్యోగం పోతుంది. ‘పని దొరికింది, ఇంక బాగుపడ్డాడులే’ అని నిశ్చింతగా ఉన్న ఇంట్లో ఈ భాగం కచ్చితంగా చూడాలి. చివర చికిత్సలో చేరినా భార్య తిరిగి రాదు, ఉద్యోగమూ రాదు. అబద్ధం చెప్పని ముగింపు.

పెద్ద లోపం ఒకటుంది. తాగుడు తగ్గడం ఇందులో మరీ సాఫీగా జరిగిపోతుంది. నిజానికి రోజూ గట్టిగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 24 గంటల్లో చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనబడి, మనుషుల్ని గుర్తుపట్టకపోతే ప్రాణాపాయమే. అయ్యప్ప మాల వేసుకొనో, ఉరుకుంద ఈరన్న స్వామి మీద ఒట్టు పెట్టుకొనో ఒక్కరోజులో మానేవాళ్లు కర్నూలు చుట్టుపక్కల తక్కువేం కాదు. మొక్కు మంచిదే, మాలకు ముందు డాక్టరుకు చూపించండి. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వణుకు, ఫిట్స్ రాకుండా మాత్రలు ఇచ్చి, మోతాదు రోజురోజుకీ తగ్గిస్తారు.

ఊళ్లో ‘నీరసంగా ఉన్నాడు, గ్లూకోజు ఎక్కించండి’ అనడం మామూలు. తాగేవాళ్ల ఒంట్లో బి1 విటమిన్ (థయమిన్) తక్కువ. గ్లూకోజు ఆ ఉన్న కాస్తా ఖర్చు చేసి మెదడును దెబ్బతీయొచ్చు. అందుకే థయమిన్ ఇంజెక్షన్ ముందు పడాలి. తాగుడు మాన్పించే మాత్ర (డైసల్ఫిరామ్) కూరలో కలిపి తెలియకుండా పెట్టడం ఇంకా ప్రమాదం. దాని మీద మద్యం తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం. ప్రాణం మీదికి కూడా రావచ్చు.

నిడివి గంటా నలభై ఎనిమిది నిమిషాలు. బూతులు బాగా ఉన్నాయి కాబట్టి చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోవద్దు. చూశాక ఇంట్లో మాట మొదలైతే, మత్తు మాన్పించే సలహాకు 14446, మానసిక సాయానికి టెలీ మానస్ 14416 ఉన్నాయి. రెండింటికీ డబ్బులు పడవు. ఫిట్స్ వస్తే మాత్రం ఫోన్లో సలహాలు అడుగుతూ కూర్చోకుండా 108 పిలవండి.