పేలని తూటాలు, అరిగిన మర: పాత .32 రివాల్వర్‌తో నాలుగేళ్లు

ఆరు తూటాల్లో రెండు పేలకపోతే ఎవరైనా తూటాలనే అనుమానిస్తారు. నేనూ ఏడాదిన్నర పాటు అదే చేశాను. అందుకే ఇంతకాలం వాడిన తర్వాత గానీ ఈ సమీక్ష రాయడానికి మనసొప్పలేదు.

నాది స్మిత్ అండ్ వెసన్ అనే అమెరికా తుపాకుల కంపెనీ 1920లలో చేసిన చిన్న .32 హ్యాండ్ ఎజెక్టర్, అంటే సిలిండర్ పక్కకు తెరుచుకునే రివాల్వర్. టెక్సస్‌లో ఒక పాత ఆయుధాల దుకాణంలో కొన్నాను. నెలకు ఒకటి రెండుసార్లు షూటింగ్ రేంజ్‌కు వెళ్లి 15 గజాల దూరంలో కాగితం మీద కాల్చడం తప్ప దీనితో నాకు వేరే పని లేదు.

ఇందులో వాడేది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్. 1896లో ఇదే కంపెనీ తెచ్చిన తూటా. మన దేశంలో లైసెన్సు ఉన్నవారికి బాగా తెలిసిన కాన్పూరు .32 రివాల్వర్‌కూ ఇదే తూటా. 98 గ్రెయిన్ల (సుమారు 6.4 గ్రాముల) సీసపు గుండు, సెకనుకు సుమారు 700 అడుగుల వేగం. ఈ రోజుల్లో దీన్ని బలహీనమైన తూటా అంటారు. నాకు మాత్రం ఆ మెత్తదనమే ప్రాణం. వందేళ్లనాటి రివాల్వర్లు ఇంకా జనం చేతుల్లో ఉన్నాయి కాబట్టి ఫ్యాక్టరీలు ఇందులో తుపాకిమందు ఇప్పటికీ ఆచితూచే నింపుతున్నాయి. ఇన్ని వందల తూటాలు కాల్చినా నా రివాల్వర్ సిలిండర్ బిగువు సడలలేదు. చెయ్యి అదరదు, చెవులు దిబ్బడ వేయవు. పైగా దీని మీద గురిచూసే గాడి కదిలించడానికి వీలులేనిది. ఆనాటి తూటాకు సరిపెట్టి చేసిన ఆ గురిలోంచి చూసి నేటి 98 గ్రెయిన్ల తూటా కాల్చినా చూసిన చోటే తగులుతుంది. తొలిరోజు అది చూసి చాలాసేపు ఆనందంగా ఉండిపోయాను.

ఆ తర్వాతే గొడవ మొదలైంది. ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' మని సుత్తి పడేది, తూటా పేలేది కాదు. ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంది కాబట్టి గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగాలి. ఒక పెట్టెలో ఏడెనిమిది సార్లు అలా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. కంపెనీ మార్చాను, మళ్లీ మార్చాను. ఒక కంపెనీవి ఎక్కువగా, ఒక కంపెనీవి తక్కువగా ఆగేవి. దాంతో తప్పు తూటాలదేనన్న నమ్మకం బలపడింది. తెలిసినవారందరికీ ఆ పెట్టెలు కొనవద్దని చెప్పాను కూడా.

నిజానికి ఆనవాళ్లు కళ్లముందే ఉన్నాయి. పేలని తూటాను మళ్లీ పెడితే రెండో దెబ్బకు పేలేది. సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగి కాలిస్తే ఒక్కటీ ఆగేది కాదు. ట్రిగ్గర్‌తోనే సుత్తిని లేపి కాల్చినప్పుడు అది అంత దూరం వెనక్కి వెళ్లదు, దెబ్బ తగ్గుతుంది. రేంజ్‌లో ఒక పెద్దాయన నా ఖాళీ తొడుగులు ఏరి, ప్రైమర్ల (సుత్తి దెబ్బకు మందును అంటించే అడుగు బిళ్లల) మీద గుంటలు చూసి, 'ఇవి లోతు చాలవు' అని అక్కడికక్కడే తేల్చారు.

పిడి ముందువైపు అడుగున ఒక చిన్న మర ఉంటుంది. సుత్తిని విసిరే పట్టీ స్ప్రింగును వంచి బిగువు పెట్టేది అదే. పాత యజమానుల్లో ఎవరో ట్రిగ్గర్ తేలిక కావాలని దాని కొసను ఆకురాయితో అరగదీశారు. కొత్త మర వేయించాక, నేను తిట్టిపోసి పక్కన పడేసిన పెట్టెల్లోని తూటాలే వరసగా పేలాయి. వద్దని చెప్పిన ప్రతి ఒక్కరికీ ఫోను చేసి నా మాట వెనక్కి తీసుకున్నాను. ఒక్క రకం మాత్రం ఇప్పటికీ రెండు పెట్టెలకు ఒకటి చొప్పున ఆగుతుంది. దాని ప్రైమర్లు గట్టివి కావచ్చు.

ఈ తూటాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి వాడ్‌కట్టర్లు. గుండు కొస చదునుగా ఉంటుంది. 25 మీటర్ల సెంటర్ ఫైర్ (ప్రైమర్ అడుగు మధ్యలో ఉండే తూటాల) పోటీల్లో వాడే రకం ఇది. కాగితానికి పంచ్ మిషను పెట్టినట్టు గుండ్రటి రంధ్రం పడుతుంది. చేతులు స్థిరంగా ఉన్న రోజున అయిదు రంధ్రాలూ ఒక నిమ్మకాయ కింద దాగిపోతాయి. అయితే ఆ చదును అంచు సిలిండర్ గదుల నోటి దగ్గర తడుతుంది, ఒక్కొక్కటీ నిదానంగా పెట్టుకోవాలి. ధర కూడా మామూలు 9 ఎంఎం కన్నా బాగా ఎక్కువ. నెలకు ఒక పెట్టెతో సరిపెట్టుకునే నాకు ఫరవాలేదు, వారం వారం కాల్చేవారు ఆలోచించుకోవాలి.

మీ పాత .32 నడుమ దగ్గర మడిచి తెరిచే రకమైతే మాత్రం నా మాటలేవీ దానికి అన్వయించుకోకండి. వాటిలో ఎక్కువవి పొట్టి .32 తూటాకు చేసినవి, కొన్ని పాతకాలపు నల్ల తుపాకిమందు వాడిన రోజులనాటివి. వాటికి ఏ తూటా కొనాలన్నా ముందు పనితెలిసిన తుపాకీ మిస్త్రీకి చూపించండి.