తాబేలు ఆవరణలో ఏది నాటడం మేలు: మందారమా, మల్బరీయా, నాగజెముడా?

పెంపుడు తాబేలు తిరిగే ఆవరణలో ఏ మొక్క వేస్తే ప్రమాదం ఉండదని తిరుపతిలోనూ చిత్తూరులోనూ నన్ను అడిగినవారు ఈ రెండేళ్ళలో చాలామందే ఉన్నారు. అడిగిన ప్రతివారికీ నోటిమాటగా చెబుతూ వచ్చాను గానీ, మొన్న వేసవి ముగిశాక మా ఆవరణను మొదటినుంచి మళ్ళీ వేసుకోవలసి వచ్చినప్పుడు, ఈ మూడింటిలో దేనికి చోటివ్వాలో నేనే తేల్చుకోవలసి వచ్చింది. ఆ తేల్చుకున్న విషయాన్ని కారణాలతో సహా ఇక్కడ రాస్తున్నాను. మాది తిరుచానూరు వైపు ఇల్లు. ఆవరణ పొడవు 20 అడుగులు, వెడల్పు 15 అడుగులు. అందులో ఉన్నది ఇప్పుడు 11 కిలోలు తూగుతున్న ఒక సుల్కాటా తాబేలు.

మొక్కల సంగతికి ముందు ఒక మాట చెప్పక తప్పదు. మన కొండల పక్కన, పొలం గట్ల మీద కనిపించే నక్షత్ర తాబేలును ఇంటికి తెచ్చి పెంచడం నేరం. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవి. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలో కూడా 2019లో చేరింది. అది దొరికితే అటవీశాఖకు అప్పగించాలే తప్ప దానికి ఏ మొక్క వేయాలని ఆలోచించకూడదు. సుల్కాటా ఆఫ్రికాలో సహారా ఎడారి దక్షిణపు అంచున ఉండే జాతి. దానిని పెంచేవారు 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఇక్కడ నేను రాసేదంతా అలా నమోదైన తాబేళ్ళను పెంచుతున్నవారి కోసమే.

సుల్కాటా గడ్డి మేసే జంతువు. పీచు ఎక్కువగా, మాంసకృత్తులు తక్కువగా ఉండే మేత దానికి పడుతుంది. కనుక నేల మీద గరిక ఉండవలసిందే. గరికను నేను ఈ పోటీలో చేర్చడం లేదు, పోటీ అంతా గరికకు తోడుగా ఏది ఉండాలన్న దాని మీదే. గరిక ఎంత మేసినా, ఎంత తొక్కినా కణుపు కణుపునా వేరు వేసి మళ్ళీ లేస్తుంది, మన ఎండకు మాడినట్టు కనిపించినా నాలుగు బిందెల నీళ్ళకు పచ్చబడుతుంది. పాడి ఉన్నవారు చాలామంది కో-3, సూపర్ నేపియర్ గడ్డి వేయవచ్చా అని అడుగుతారు. ఆ గడ్డిలో ఆక్సలేట్లు ఎక్కువ, అవి మేతలోని కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. పెంకు గట్టిపడవలసిన ప్రాణికి దానిని రోజువారీ మేతగా పెట్టడం నాకు సమ్మతం కాదు.

మొక్కను ఎంచేటప్పుడు ఎక్కువమంది రెండే ప్రశ్నలు వేసుకుంటారు: అది విషమా కాదా, అందులో కాల్షియం ఉందా లేదా. రెండూ అవసరమైనవే. అయితే ఈ మూడు మొక్కలూ ఆ రెండు ప్రశ్నలనూ దాదాపుగా దాటిపోతాయి కాబట్టి, వాటితో తేలేది ఏమీ లేదు. నా అనుభవంలో తేల్చేది మూడో ప్రశ్న: తాబేలు తిన్న తరువాత ఆ మొక్క మళ్ళీ చిగురిస్తుందా, చిగురించేంత వ్యవధి దానికి దొరుకుతుందా? మొక్క చచ్చిన ఆవరణ కొద్ది వారాలలో బోసినేల అవుతుంది. బోసినేల మీద తాబేలు మట్టీ గులకరాళ్ళూ నోట పెట్టుకుంటుంది. మనం బజారు నుంచి తెచ్చిన ఆకుకూరల మీద ఆధారపడతాం, ఆ ఆకుకూరల మీద ఏం చల్లారో మనకు తెలియదు. అన్నిటికంటే ముఖ్యంగా, మే నెల కర్తరి ఎండలలో, ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే మన ఊరిలో, మొక్క పోయిందంటే నీడ పోయినట్టే. తాబేలు తన ఒంటి వేడిని తాను తగ్గించుకోలేదు. నీడలోకో బొరియలోకో జరగడమే దానికి ముఖ్యమైన దారి.

మందారంతో మొదలుపెడతాను, ఎందుకంటే నేనూ దానితోనే మొదలుపెట్టాను. మన వైపు మందారం లేని వాకిలి అరుదు. కొమ్మ గుచ్చితే బతుకుతుంది. ఆకు మెత్తన, జిగురు గలది, పువ్వు తాబేలుకు ప్రాణం. తెల్లవారి రాలిన పువ్వు దగ్గరకు మా తాబేలు వచ్చే తీరు చూడవలసినదే: మెడ పూర్తిగా చాచి, ముందు వాసన చూసి, రెక్కను ఒక పక్క నుంచి కొరికి, పెదవి అంచు ఎర్రబడేదాకా నములుతుంది. దానికి ఇష్టమైనది ఏదని మాత్రమే అడిగితే, మందారమే అని చెబుతాను. కానీ ఆవరణ లోపల నాటిన ఆరు మొక్కలలో మూడు వారాలు గడిచేసరికి నిలిచినవి రెండే. ఆకు తిన్నంత మాత్రాన మందారం చావదు. అది చచ్చేది తాబేలు బరువుకు. చిగురు అందకపోతే ముందుకాళ్ళు కాండం మీద వేసి పెంకుతో నెడుతుంది, కాండం మొదట్లోనే చీలుతుంది, చీలిన చోట కుళ్ళు పడుతుంది. బతికిన ఆ రెండింటికీ మొదటి చుట్టూ తలకాయంత రాళ్ళు పేర్చిన తరువాతే మళ్ళీ ఆకు వచ్చింది.

మందారంతో ఉన్న రెండో చిక్కు పిండినల్లి. తెల్లటి బూజులా చిగురును పట్టే ఆ పురుగు కోసం నర్సరీలలో ఇమిడాక్లోప్రిడ్ వంటి అంతర్వాహిక మందులు వాడతారు. అంతర్వాహిక మందు ఆకు పైన ఉండేది కాదు, కడిగితే పోవడానికి. వేరు పీల్చుకొని ఆకులోకీ పువ్వులోకీ పంపుతుంది, వారాల తరబడి అక్కడే ఉంటుంది. ఒక నర్సరీలో మందు కొట్టలేదని చెబితే నమ్మి తెచ్చిన రెండు కుండీలను నేను వెంటనే ఆవరణలో దించాను. ఆ వారం తాబేలు రెండు రోజులు మేత ముట్టలేదు, నీళ్ళ విరేచనం అయింది. అది మందు వల్లేనని నేను రుజువు చేయలేను. కానీ అప్పటి నుంచి కొన్న మొక్క ఏదైనా సరే, మట్టి మార్చి, వచ్చిన ఆకంతా దూసి పారేసి, ఆరు నెలలు వేరుగా ఉంచిన తరువాతే లోపలికి చేరుస్తున్నాను. ఇంట్లో పెరిగిన నాటు ఎర్ర మందారం నుంచి కొమ్మ తెచ్చుకునేవారికి ఈ నిరీక్షణ అక్కరలేదు.

మల్బరీ సంగతి వేరు. పలమనేరు, కుప్పం వైపు పట్టుపురుగుల పెంపకం ఉన్నవారికి ఈ మొక్కను నేను పరిచయం చేయనక్కరలేదు. తిరుపతివారిలో మాత్రం చాలామంది దానిని పండ్ల కోసం కుండీలో పెంచేదిగానే ఎరుగుదురు. నేను దానిని ఎంచుకోవడానికి మొదటి కారణం, అది కోతకు పుట్టిన మొక్క. పట్టు రైతు ఏడాదికి ఐదారు సార్లు దానిని మోకాలి ఎత్తుకో అంతకంటే కిందికో నరుకుతాడు, నరికిన ప్రతిసారీ అది రెట్టించి చిగురిస్తుంది. అంత కోతకు తట్టుకునే మొక్కకు ఒక తాబేలు నోరు పెద్ద లెక్క కాదు.

రెండో కారణం మందుల సంగతి, ఇది చాలామందికి తట్టని విషయం. పట్టుపురుగు పురుగుమందు అవశేషానికి ఏమాత్రం ఓర్చుకోలేదు. మందు తగిలిన ఆకు వేస్తే తట్టలకు తట్టలే పోతాయి. కనుక పట్టు రైతు తన మల్బరీ మీద మందు వాడేటప్పుడు ప్రాణభయంతో వాడతాడు, వాడినా గడువు దాటేదాకా ఆకు కోయడు. ఒక పురుగు బతికి గూడు కట్టిన ఆకు అన్నదానికంటే మంచి హామీ నాకు బజారులో ఏ కూరకూ దొరకలేదు. ఒక్క జాగ్రత్త ఉంది: పక్కన టమోటా తోట ఉంటే అక్కడ కొట్టిన మందు గాలికి మల్బరీ మీద పడవచ్చు. అందుకని కత్తిరింపులు అడిగి తెచ్చుకునేటప్పుడు గట్టు వైపు వరుసల నుంచి కాక మడి నడుమ నుంచి ఇమ్మని అడగడం మేలు.

మూడో కారణం నీడ, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మందారం పొదగా ఉంటుంది, దాని నీడ దాని కిందే పడుతుంది. మల్బరీని నరకకుండా వదిలితే చెట్టవుతుంది. నేను రెండు మల్బరీలను ఆవరణకు పడమటి దిక్కున, గోడకు అవతల వైపు నాటాను. పొద్దుటి ఎండ గరికకు పూర్తిగా అందుతుంది. మధ్యాహ్నం రెండు దాటాక, నేల పెనంలా కాలే వేళకు, చెట్టు నీడ ఆవరణలో సగానికి పరచుకుంటుంది. మొదలు అవతల ఉంది గనుక తాబేలు దానిని నెట్టలేదు, తవ్వలేదు. ఈవలికి వంగిన కొమ్మల నుంచి రాలిన ఆకును తింటుంది, చాలకపోతే నేను ఒక రెమ్మ తుంచి వేస్తాను. అదే చెట్టును ఆవరణ నడుమ నాటి ఉంటే నీడకు గరిక పలచబడి, ఉన్న మేత పోగొట్టుకున్నవాడినయ్యేవాణ్ణి.

మల్బరీకి లోపాలు లేవని కాదు. ఆకులో మాంసకృత్తులు ఎక్కువ, ఎండు బరువులో ఇంచుమించు 15 నుంచి 25 శాతం దాకా ఉంటాయి. గడ్డి మేసే తాబేలుకు దానినే కడుపునిండా పెట్టకూడదు. పూటకు గరిక నాలుగు పాళ్ళు, మల్బరీ ఒక పాలు అన్న లెక్కను నేను పాటిస్తున్నాను. పండ్లు పడితే ఏరి తీసేస్తాను, తీపి దాని కడుపులో పులుస్తుంది. మందారాన్ని పట్టే పిండినల్లే మల్బరీ కొసలనూ పట్టి ఆకును ముడుచుకుపోయేలా చేస్తుంది; పట్టు రైతులు దానినే తుక్రా అంటారు. దానికి మందు అక్కరలేదు, ముడుచుకున్న కొసను రెండు ఆకుల కిందికి తుంచి కాల్చేస్తే చాలు. మల్బరీ అయితే ఆ తుంచిన చోట రెండు చిగుళ్ళు వేస్తుంది గనుక నష్టం లేదు.

ఇక నాగజెముడు. నీరు పోయకపోయినా బతుకుతుంది, రెమ్మలో కాల్షియం ఉంది, నీరూ ఉంది. ముళ్ళు లేని రకం దొరికితే ఆవరణ మూలలో ఒకటి ఉంచవచ్చు, వేసవిలో వారానికి ఒక రెమ్మ మంచిదే. ఎక్కువ పెడితే విరేచనాలవుతాయి. కానీ మన కంచెల మీద ఉండేది ముళ్ళ రకం. పెద్ద ముళ్ళు పీకినా, కంటికి సరిగా కనిపించని నూగు ముళ్ళు తాబేలు నాలుకలోనూ కంటి రెప్పలోనూ దిగుతాయి. పైగా మన వాడుకలో జెముడు అన్న పేరు ఒకదానికి కాదు. బొంతజెముడు, ఆకుజెముడు వంటివి వేరే కుటుంబానికి చెందినవి, వాటి పాలు కంటికీ నోటికీ విషం. రెమ్మ విరిచినప్పుడు తెల్లటి పాలు కారితే అది నాగజెముడు కాదు, తాకిన చేతులు కడుక్కొని వదిలేయాలి. అయితే పాలు కారే ప్రతి మొక్కా విషమని అనుకోకూడదు: మల్బరీ తొడిమ తుంచినా తెల్లటి బొట్టు నిలుస్తుంది. ఆ బొట్టు చూసే మా పక్కింటి పెద్దాయన మల్బరీని పీకించమని నాతో రెండు రోజులు వాదించారు.

మునగ, అవిశ ఆకులు అప్పుడప్పుడు గుప్పెడు వేయవచ్చు. వేరుశనగ కట్టె వద్దు, మాంసకృత్తులు ఎక్కువ, బూజు భయం ఉంది. బచ్చలి, పాలకూర, గంగవాయిలి ఆక్సలేట్ల వల్ల రోజూ పనికిరావు. కలబంద నీడకూ పనికిరాదు, మేతకూ పనికిరాదు.

ఏది నాటాలన్న దానికంటే ఏది పీకాలన్నది మన ఇళ్ళలో పెద్ద ప్రశ్న. తిరుపతి ఇళ్ళలో వాకిలి మొక్కలు చాలా వరకు పూజ కోసం పెంచినవి. గన్నేరు, పచ్చగన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు, జిల్లేడు ఇవన్నీ దేవుడికి పనికివచ్చే పువ్వులే, తాబేలుకు మాత్రం విషం. వీటిలో గన్నేరు, పచ్చగన్నేరు గుండెను పట్టేవి, కొద్ది ఆకు చాలు ప్రాణం మీదికి రావడానికి. మొక్క ఆవరణ బయటే ఉంది కదా అని ఊరుకోకూడదు. గాలికి రాలిన ఒక్క పువ్వు లోపల పడితే, పువ్వు అంటే తినేదని మందారం వల్ల నేర్చుకున్న తాబేలు దానినీ తినబోతుంది. మా ఇంట్లో అమ్మ ఏళ్ళ తరబడి పెంచిన ఎర్ర గన్నేరును వీధి వైపుకు మార్చడానికి ఆమెను ఒప్పించడం నాకు ఆవరణ కట్టడం కంటే కష్టమైంది. ఆమె బాధ న్యాయమైనదే, అయినా మార్చక తప్పలేదు. కొండ దిగువ ఖాళీ స్థలాలలో వానలు పడగానే లేచే వయ్యారిభామ, లాంటానా, ఉమ్మెత్త, ఆముదం మొలకలను వారానికి ఒకసారి చేతితో ఏరుకోవాలి. ఇంట్లో మనీప్లాంట్ తీగ గోడ మీదుగా లోపలికి జారిందేమో కూడా చూసుకోవాలి. దాని ఆకులోని సూదుల్లాంటి స్ఫటికాలు నోటిని వాచేలా చేస్తాయి. అనుమానం వస్తే, తిన్న ఆకునూ తాబేలునూ కలిపి వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. ఆకు చేతిలో ఉంటే వైద్యుడికి సగం పని తగ్గుతుంది. తిరుపతిలో పశువైద్య కళాశాల ఉంది, అది మనకు దగ్గరలో ఉన్న సౌకర్యం.

స్థలం చిన్నదై, గోడ అవతల చెట్టుకు చోటు లేనివారు మందారాన్నే ఎంచుకోండి, అయితే ఆవరణలో కాక కుండీలలో పెంచి, రోజుకు నాలుగు ఆకులూ ఒక పువ్వూ కోసి వేయండి. రెండు అడుగుల చోటు పడమట ఉన్నవారు మాత్రం మల్బరీ వేయండి. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలు దానికి సరిపోయిన కాలం. పెన్సిలంత లావు ఉన్న ముదురు కొమ్మను మూడు నాలుగు కళ్ళు ఉండేలా జానెడు ముక్క చేసి, పై కన్ను ఒక్కటే కనిపించేలా మట్టిలో గుచ్చి, తడి ఆరనీయకుండా చూస్తే చాలు. నేను పలమనేరు నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన పది ముక్కలలో ఎనిమిది పట్టాయి. రెండు ఉంచుకొని, తక్కినవి అడిగినవారికి ఇచ్చాను.