ఐదో తరగతి రెడీమేడ్ కరికులమ్ ప్యాకేజీ: డెల్టా బడికి ఎంతవరకు పనికొస్తుంది?

మార్చి వచ్చిందంటే అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం వైపు చిన్న ప్రైవేటు బడుల చుట్టూ కరికులమ్ ప్యాకేజీలు అమ్మేవాళ్లు తిరుగుతుంటారు. టర్మ్ పుస్తకాలు, వర్క్‌బుక్‌లు, టీచర్ గైడు, లెక్కల పెట్టె, ప్రశ్నపత్రాలు, యాప్ అన్నీ కలిపి ఇస్తారు. ఈ సమీక్ష అలాంటి ఒక ప్యాకేజీలోని ఐదో తరగతి సరంజామా గురించి. పాఠాల వరస బాగుంది. ఏడాది ప్రణాళిక మాత్రం మన ఊళ్లకు సరిపడదు. పరీక్షలైతే తిరగరాసుకోవాల్సిందే.

వరస ఎందుకు బాగుందంటే, భిన్నాల యూనిట్ చూడండి. చాలా పుస్తకాలు కసాగుతో మొదలెట్టి పిల్లల్ని బెదరగొడతాయి. ఇందులో కాగితం మడిచి సగం, పావు, అరపావు చూపిస్తారు, తర్వాత సమాన భిన్నాలు, ఆ తర్వాతే కూడికలు. ప్రతి పాఠం ముందూ పిల్లవాడు చివరికి ఏం చేయగలగాలో ఒక్క వాక్యంలో రాశారు. ఇలా రాసిపెట్టుకోవడం చిన్న విషయం కాదు, పాఠం పక్కదారి పడితే టీచరుకి వెంటనే తెలుస్తుంది.

ఇక ఏడాది లెక్క. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. ప్యాకేజీ ఆ 200 రోజులకూ రోజుకో లెక్కల పీరియడ్ నింపేసింది: పాఠాలకు 186, పరీక్షలకు 14. మిగులు సున్నా. జులై, ఆగస్టుల్లో గోదావరి పెరిగితే లంకల నుంచి పడవ కదలదు, పిల్లలు రారు. గట్టు మీదున్న బడి పునరావాస కేంద్రమైపోతుంది. ఒక్క వారం పోయినా ప్రణాళిక దసరా దాకా కోలుకోదు, టీచరు చివరి యూనిట్లను పరుగెత్తించేస్తారు. చివర్లో ఉన్నవేమో దశాంశాలు, వైశాల్యం. కనీసం 30 పీరియడ్లు ఖాళీగా ఉంచుకోవాలి. వర్క్‌బుక్ నింపడానికిచ్చిన 22 పీరియడ్లను ఇంటిపనికి మార్చండి. నాలుగో తరగతి పునశ్చరణకిచ్చిన 14లో 6 చాలు, అక్కడ 8 మిగులుతాయి. పాఠం ఏదీ పోదు.

లెక్కల పెట్టె గట్టిదే గానీ 40 మందికి ఒక్కటే ఇస్తున్నారు. ముందు బెంచీవాళ్లు ముట్టుకుంటారు, వెనకవాళ్లు చూస్తారు. కొబ్బరి ఈనెలు ఒకే పొడవు కత్తిరించి పదేసి రబ్బరు బ్యాండుతో కట్టండి. పది కట్టలు కలిపితే వంద. ఆరుగురికో సెట్టు సాయంత్రంలోగా తయారు. టీచర్ గైడులో పెద్ద లోపం: 'పిల్లల్ని అడగండి' అని ఉంటుంది, వాళ్లు తప్పు చెబితే ఏం చేయాలో ఉండదు. శిక్షణ వేసవిలో రెండు రోజులు, అంతే. దానికి బదులు జులైలో మీ తరగతిలోనే మీ పిల్లలతో ఒక పాఠం చెప్పి చూపించమని అడగండి. మధ్యలో టీచరు మారితే మళ్లీ రావాలని కూడా.

పరిసరాల విజ్ఞానంలో నీటి పాఠం కొండవాగు బొమ్మతో మొదలై ఆనకట్ట దగ్గర ఆగిపోతుంది. డెల్టా పిల్లలకు అసలు పాఠం అక్కడే మొదలవుతుంది: ధవళేశ్వరం బ్యారేజీ, ప్రధాన కాలువ, లాకులు, బోదె (పొలానికి నీళ్లిచ్చే పిల్లకాలువ), చేను, మురుగు కాలువ, సముద్రం. దగ్గరున్న లాకుల దగ్గరికి తీసుకెళ్లి ఈ దారిని బొమ్మగా గీయించండి. ధవళేశ్వరం దగ్గర మూడు ప్రమాద హెచ్చరికలు 10, 13, 17 లక్షల క్యూసెక్కులకు (సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీరు) ఇస్తారు. పెద్ద సంఖ్యలు చదవడానికి, పోల్చడానికి అంతకంటే మంచి అంకెలు దొరకవు.

అసలు బలహీనత మూల్యాంకనం. పాఠం లక్ష్యం 'చుట్టుకొలతకూ వైశాల్యానికీ తేడా గుర్తించడం'. ప్రశ్న మాత్రం 'దీర్ఘచతురస్రం చుట్టుకొలత సూత్రం రాయండి'. 40 మార్కుల టర్మ్ పేపర్లో 26 ఇలాంటివే. బట్టీ పట్టినవాడికి మార్కులు వచ్చేస్తాయి, పాఠం అందిందో లేదో తెలియదు. దాని బదులు ఇలా అడగండి: రొయ్యల చెరువు పొడవు 60 మీటర్లు, వెడల్పు 40. చుట్టూ వల కట్టడానికి ఎన్ని మీటర్లు కావాలి? పక్షులు వాలకుండా పైన పరవడానికి ఎన్ని చదరపు మీటర్లు? జవాబులు 200, 2400. మొదటి ప్రశ్నకు 2400 రాసినవాడికి రెండింటికీ తేడా తెలియలేదు. 100 రాసినవాడికి తేడా తెలుసు, రెండు వైపులే కలిపాడు. ఒకరికి పాఠం మళ్లీ చెప్పాలి, ఇంకొకరికి గట్టు చుట్టూ వేలితో తిప్పించి చూపిస్తే చాలు. యాప్ ఇద్దరికీ తప్పని వేసి శాతం చూపిస్తుంది. కాబట్టి పేపర్లు దిద్దేటప్పుడే పక్కన కాగితం మీద తప్పుల రకాలకు గీతలు పెట్టుకోండి. తరగతిలో మూడోవంతు మంది ఒకే తప్పు చేస్తే, దాచుకున్న పీరియడ్లలోంచి రెండు దానికి వాడండి.

కొనేముందు పుస్తకాలు, పెట్టె, యాప్ రెన్యువల్ ధరలు విడివిడిగా రాయించుకోండి. వర్క్‌బుక్ తమ్ముడికో చెల్లికో పనికిరాదు, ఆ ఖర్చు తల్లిదండ్రుల మీద ఏటా పడుతుంది. యాప్ తీసేసి మిగతావి అమ్ముతామంటే తీసుకోవచ్చు. మొదటి ఏడాది ఒక్క తరగతికే తీసుకోండి. ప్రశ్నపత్రాలు మార్చుకునే హక్కు బడికే ఉండాలని ఒప్పందంలో రాయకపోతే మాత్రం వద్దు.