'తెలుగు' అని టిక్ ఉంది కదా అని నమ్మాను

మూడేళ్ల కిందట ఇదే కౌన్సెలింగ్ యాప్‌కి ఐదు స్టార్లు ఇచ్చాను. ఆ రివ్యూ ఇంకా అక్కడే ఉంది. తీసేయను, ఎందుకంటే అందులో రాసింది అబద్ధం కాదు. కాకపోతే అది నా ఒక్కదాని సంగతి.

పేరు చెప్పను. ఇలాంటి యాప్‌లు చాలానే ఉన్నాయి, ఎలా పనిచేస్తాయో అందరికీ తెలుసు. నా కోపమంతా ఒక్క బటన్ మీద. కౌన్సెలర్‌ని వెతికేచోట 'భాష' అని ఉంటుంది చూడండి, అందులో 'తెలుగు' అని టిక్ పెట్టుకోవచ్చు. అదే.

ముందు నా గోల ముగిస్తాను. నేను మెడికల్ కోడర్‌ని. రోజూ ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా వెళ్లేదాన్ని. 2022లో ఒక పొద్దున అమీర్‌పేటలో జనం తోసుకుంటూ ఎక్కుతుంటే గుండె దడ మొదలైంది. చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు, చచ్చిపోతున్నానే అనుకున్నాను. ఈసీజీ, టూడీ ఎకో అన్నీ నార్మల్. 'టెన్షన్ తగ్గించుకోండి' అని పంపించేశారు. వేరేవాళ్ల ఫైళ్ల మీద ఎఫ్41.0, అంటే ప్యానిక్ డిజార్డర్ అని ఎన్నిసార్లు కోడ్ వేశానో లెక్కలేదు, నాకే వస్తే గుర్తుపట్టలేదు. యాప్‌లో దొరికిన కౌన్సెలర్ రెండో సెషన్‌లోనే చెప్పింది. ఆమె మాట్లాడేది ఇంగ్లిష్. నాకేం ఇబ్బంది లేదు, నిజానికి ఈ విషయాలు తెలుగులో చెప్పడమే నాకు రాదు. ట్రిగ్గర్, బౌండరీ లాంటి మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే నేర్చుకున్నాను. యాభై నిమిషాలకు 1,200 రూపాయలు. ఎనిమిది నెలలకు మళ్లీ మెట్రో ఎక్కాను. అందుకే ఐదు స్టార్లు.

నిరుడు నాన్న పోయారు. సూర్యాపేట దగ్గర మా ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటానంటే వినకుండా బోడుప్పల్ తెచ్చుకున్నాను. తిండి తగ్గింది. టీవీ పెడితే అటు తిరిగి కూర్చునేది. నాకు పనిచేసిందే అమ్మకూ పనిచేస్తుందనుకుని 'తెలుగు' టిక్ పెట్టి సెషన్ బుక్ చేశాను.

ఫోన్‌ని పప్పు డబ్బాకి ఆనించి పెట్టాను. తెర మీద చిన్న వయసు అమ్మాయి, నవ్వు మొహం. "నమస్తే ఆంటీ, ఈరోజు మీ ఎమోషన్స్‌ని ఐడెంటిఫై చేద్దాం. ఇప్పుడు ఎలా ఫీల్ అవుతున్నారు?"

అమ్మ కాసేపు ఆలోచించింది. "ఏం జెప్పాలె బిడ్డా, పానం మంచిగుంటలేదు."

"ఓ, హెల్త్ బాలేదా? ఫిజీషియన్‌కి చూపించారా?"

"కడుపుల దేవినట్టయితది. నిద్ర వడ్తలేదు. ఒక్కదాన్నే కూసుంటే రంది అయితది."

"సారీ ఆంటీ, రంది అంటే?"

అమ్మ నా వైపు చూసింది. నేను తొందరపడి "స్ట్రెస్" అన్నాను. అన్న క్షణమే తప్పు చేశానని తెలిసింది. రంది స్ట్రెస్ కాదు. పోయినవాళ్ల మీదే మనసు పడిపోయి, తిన్నది ఒంటబట్టక, లోపల్లోపలే కుమిలిపోవడం రంది. మా వైపు ఆ మాట అంటే ఇంకేం అడగరు, వచ్చి పక్కన కూర్చుంటారు. ఆ అమ్మాయి మాత్రం నా స్ట్రెస్ పట్టుకుని ముందుకు వెళ్లిపోయింది. ఒకటి నుంచి పది వరకు స్కేల్ మీద ఎంత ఉంటుంది ఆంటీ అని అడిగింది. అమ్మ కూరగాయల బండి దగ్గర బేరం తెంపినట్టు "ఐదు వేసుకో బిడ్డా" అంది. తర్వాత కళ్లు మూసుకుని గాలి పీల్చి వదలమన్నారు. అమ్మ చేసింది, పెద్దవాళ్లు చెప్పినదానికి ఎదురు చెప్పని చిన్నపిల్లలా.

సాయంత్రానికి ఇంగ్లిష్‌లో రిపోర్టు వచ్చింది. శారీరక ఇబ్బందులే చెప్పారట, మానసిక బాధ ఏదీ ప్రస్తావించలేదట, జనరల్ ఫిజీషియన్‌ని కలవాలట. డబ్బు వెనక్కి అడిగితే 'సెషన్ పూర్తయింది' అని బాట్ జవాబిచ్చింది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన 2015-16 జాతీయ సర్వేలో సాధారణ మానసిక సమస్యలున్నవారిలో 85 శాతం మందికి చికిత్స అందడం లేదని లెక్కతేలింది. యాప్ లెక్కలో మా అమ్మ చికిత్స అందినవాళ్లలోకే వస్తుంది!

ఆ అమ్మాయిని తప్పుపట్టను. ఆమెకు వచ్చిన తెలుగు అది, మంచి మనసుతోనే అడిగింది. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఫోన్ పట్టుకోవడానికి నేను గదిలోనే ఉన్నాను. కూతురి ముందు ఏ తల్లి మాత్రం ఏం చెప్పుకుంటుంది? అది నాకు తర్వాత తట్టింది.

రెండు వారాలయ్యాక ఒక రాత్రి అన్నం ముందు కూర్చుని అమ్మ "మీ నాయిన ఎనకనే నేను గూడ పోతే అయిపోవు" అంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. యాప్‌లో దొరికిన మొదటి స్లాట్ ఎల్లుండి సాయంత్రానిది. అప్పుడు 14416కి ఫోన్ చేశాను. టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, కేంద్ర ప్రభుత్వానిది, 2022 అక్టోబర్ 10న మొదలైంది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు. సర్కారు నంబరు కదా, మోగి మోగి కట్ అవుతుందనుకున్నాను. ఎత్తారు. నేను నాలుగు ముక్కలు చెప్పగానే అవతలి ఆవిడ "అమ్మకు ఫోనిచ్చి మీరు జర బయట ఉండండి" అంది. తలుపు సందులోంచి స్పీకర్‌లో ఒక్క మాట వినిపించింది.

"ఎన్ని దినాల సంది అమ్మా ఈ రంది?"

నాన్న పోయాక అమ్మ గట్టిగా ఏడవడం అదే మొదటిసారి. ఇరవై నిమిషాలు గుమ్మం బయట చెప్పుల పక్కన కూర్చున్నాను. ఆ రాత్రి అమ్మను ఒంటరిగా వదలొద్దని, ఇంట్లో ఉన్న మాత్రలు తీసి దాచమని, పొద్దున్నే సర్కారు ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీకి తీసుకెళ్లమని నాకు చెప్పింది.

"నన్ను ఎర్రగడ్డకు తోల్కపోతున్నవా?" అంది అమ్మ. మానసిక ఆసుపత్రి ఉన్న చోటు కదా, ఈ ఊళ్లో ఎర్రగడ్డ అనే మాట తిట్టయిపోయి ఎన్నాళ్లయిందో! అక్కడికి కాదు, అన్ని జబ్బులూ చూసే పెద్దాసుపత్రికే అని ఒప్పించి సిటీ బస్సెక్కించాను. అమ్మకు మహాలక్ష్మి జీరో టికెట్, నాకూ అంతే. ఓపీ చీటీ, లైను, మళ్లీ లైను. పీజీ డాక్టరమ్మ కూడా నన్ను బయటే ఉండమంది. తెల్లవారుజామునే మెలకువ వస్తోందా, బువ్వ సయిస్తోందా అని అడిగిందట. డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాసింది. వెంటనే పనిచేయవు, రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి, మధ్యలో ఆపొద్దు అంది. ఐదో వారంలో పచ్చిపులుసులో ఉప్పు తక్కువైందని అమ్మ నా మీద కేకలేసింది. ఆ రోజు ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచాను.

ఇలా రాస్తే సర్కారు ఆసుపత్రిని నెత్తికెత్తుకున్నట్టు ఉంటుంది. అదీ కాదు. మొదటిసారి ఇరవై నిమిషాలు చూశారు, తర్వాత నుంచి నాలుగు నిమిషాలే. వెళ్లినప్పుడల్లా డాక్టరు మారతారు. "మల్ల మీ నాయిన ముచ్చట మొదటికెళ్లి చెప్పాల్నా?" అని అమ్మ విసుక్కుంటుంది. ఒక్కో ఓపీకి నాకో సెలవు పోతుంది. జీతం కట్ కాని ఉద్యోగం కాబట్టి సరిపోయింది, లైన్లో మా ముందున్న ఆమె ఆ రోజు కూలి వదులుకుని వచ్చింది. అమ్మకు నిజంగా కావాల్సింది యాప్‌లో దొరికే యాభై నిమిషాలు, అవతల రంది అంటే తెలిసిన మనిషి. ఆ రెండూ ఒకేచోట నాకు ఇప్పటిదాకా దొరకలేదు. ప్రైవేటులో వెతికితే దొరకొచ్చేమో, ఇద్దరి సెషన్లకు నా జీతం చాలదు.

ఇన్సూరెన్సు సంగతి అడుగుతారని రాస్తున్నా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఒంటి జబ్బులకు ఎలా ఇస్తారో మనసు జబ్బులకూ అలాగే బీమా ఇవ్వాలి. మా కంపెనీ పాలసీలో నిజంగానే సమానం. జ్వరం ఓపీకీ ఇవ్వరు, దీని ఓపీకీ ఇవ్వరు, ఆసుపత్రిలో చేరితేనే. జ్వరమైతే ఒక్క ఓపీతో పోతుంది, ఇది నెలల తరబడి ఓపీల మీదే నడిచే వైద్యం.

యాప్‌వాళ్లకు రాశాను. 'తెలుగు' పక్కన ఏ జిల్లా తెలుగో కూడా పెట్టండి, పెద్దవాళ్ల కోసం వీడియో లేకుండా మామూలు ఫోన్ కాల్ పెట్టండి అని. మీ సూచనను టీమ్‌కి పంపాం అని ఇంగ్లిష్‌లో జవాబొచ్చింది. నా ప్లాన్ వచ్చే నెల రెన్యూ అవుతుంది, ఆపే ధైర్యం లేదు. అమీర్‌పేటలో ఇప్పటికీ ఒక్కోసారి చేతులు చల్లబడతాయి. మీరు నాలాంటివాళ్లయితే తీసుకోండి. అమ్మకో నాయనమ్మకో అయితే మాత్రం నన్నడిగితే ముందు 14416.

స్టార్లు మూడుకు దించుదామని ఫోన్ తీసి, ఎందుకో అమ్మను అడిగాను, ఆ రోజు ఫోన్లో మాట్లాడిన పిల్లకు ఎన్ని వేయాలి అని.

"ఐదు వెయ్యి, పాపం" అంది. "చిన్న పిల్ల. ఆమెకేం ఎర్క, రంది అంటే."