పర్లాకిమిడిలో సవర బొమ్మల షాపు: సరుకు సూపర్, షాపాయన ఫిలాసఫీ డౌటే

పశువుల కొమ్ముతో చేసిన బొమ్మలూ ఉన్నాయి, పాలిష్ పర్లేదు, అంతే. వెళ్ళాల్సింది మాత్రం సవర గిరిజనుల ఇడితాల్ పెయింటింగ్స్ కోసం. ఎర్రటి నేల మీద తెల్లగా మనుషులు, చెట్లు, ఏనుగులు, గీత ఎంత సన్నగా ఉందో, దగ్గరికెళ్ళి చూస్తే టైం తెలీదు.

షాపాయన ప్రతి ఫ్రేముకీ ఒకటే డైలాగ్, "కళంటేనే ఆదర్శం బాబూ, లోకంలో లేని అందం చూపించడం" అని. నాకైతే ఎక్కలేదు. ఇడితాల్ అసలు ఇంటి గోడ మీద వేసేది ఎవరికైనా జబ్బు చేస్తేనో, పంట బాగా రావాలనో, చనిపోయిన పెద్దల్నీ దేవతల్నీ శాంతపరచడానికి, ఎర్రమట్టి పూసి బియ్యప్పిండితో. అవసరం పడి వేసే బొమ్మ కదా, దాంట్లో సైకిలు, రైలు, విమానం కూడా దూరిపోతాయి, కంటపడిందల్లా గీసేశారు మరి. గిరిజనుల మీద పరిశోధన చేసిన వెరియర్ ఎల్విన్ 1940ల్లో సవర ఊళ్ళల్లో తిరిగి వీటి గురించి రాశాడు, ఓపికుంటే వెతుక్కోండి.

అలాగని ఆశే లేదనను, ఇంట్లోవాళ్ళు బాగుండాలనే కదా వేసేది. కానీ అది జ్వరం తగ్గాలనే ఆశ, షాపాయన చెప్పే స్వర్గం కాదు.

నచ్చనిదల్లా ఒకటే, ఫ్రేము మీద షాపు పేరు పెద్దగా, గీసినవాళ్ళ పేరు ఎక్కడా లేదు, అడిగితే "ఊరోళ్ళు సార్" అన్నాడు. ఆదర్శం గురించి అంత మాట్లాడే మనిషి! అందుకే ఒక స్టార్ కోత, నాలుగిస్తున్నా. ఫోన్‌పే ఉంది, గట్టిగా బేరమాడండి, తగ్గిస్తాడు.