యూషియన్ పేపర్‌కట్ అని డబ్బులు కట్టేముందు ఒక్కసారి కాగితం తిరగేయండి

వీచాట్ (చైనావాళ్ల వాట్సాప్ లాంటిది) లో ఆ దుకాణం వాడే, చైనాలో ఉన్న మనవాళ్లలో సగం మంది కొత్త సంవత్సరానికి కిటికీకి అతికించే ఎర్ర కాగితాలు వాడి దగ్గరే కొన్నారు, మళ్లీ పేరెందుకు. ఇంకెవరూ ఆ గడప తొక్కకండి బాబూ.

మా ఆఫీసులో చైనా అమ్మాయి పెళ్లి, అందరూ ఎర్ర కవర్లో డబ్బులు పెట్టి ఊరుకుంటారు, నాకేమో కళాపోషణ పొంగింది కదా, చేత్తో చేసిందే ఇవ్వాలని హెబెయ్ రాష్ట్రంలోని యూషియన్ రంగుల పేపర్‌కట్లు (కాగితాన్ని బొమ్మలుగా చెక్కి రంగులద్దేవి) రెండు కొన్నా, ఫ్రేములతో కలిపి 680 యువాన్లు. ఒకటి తామరపూల మధ్య మాండరిన్ బాతుల జంట, ఇంకోటి ప్లమ్ పూలకొమ్మ మీద మ్యాగ్‌పై పిట్టలు. మొదటిది దాంపత్యానికి, రెండోది శుభవార్తకి, పెళ్లికి ఈ రెండూ పెడతారు.

నిన్న పార్శిల్ వచ్చింది. బాతులు ముద్దుగానే ఉన్నాయి, ఎందుకో డౌటొచ్చి వెనక అట్ట ఊడదీసి చూస్తే కాగితం వెనకంతా తెల్లగా ఉంది! యూషియన్‌లో పల్చటి కాగితాలు దొంతర పెట్టి చిన్న కత్తులతో చెక్కి, సారాలో కలిపిన రంగు కుంచెతో అద్దుతారు, అది కింది కాగితాల దాకా ఇంకాలనే ఆ సారా. వెనకవైపు కూడా రంగు ఉండాలి మరి. ఇది ప్రింటు కొట్టి లేజర్‌తో కోసింది, తామరరేకుల అంచులు గోధుమరంగులో మాడి ఉన్నాయి. పైగా ఒక సర్టిఫికెట్టూ, దాని మీద యునెస్కో గుర్తు. 2009లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది చైనా పేపర్‌కట్ కళ అయ్యా, నీ దుకాణం కాదు. కింద 'వాంగ్ లావ్‌షాంగ్ శైలి' అని కూడా రాశాడు, ఆ పాతతరం యూషియన్ కళాకారుడు పేరు తెచ్చుకుందే నాటకాల పాత్రలు చెక్కి!

సరే ప్రింటో గింటో అనుకుని రెండోది విప్పా. మ్యాగ్‌పై లేదు, ప్లమ్ లేదు. పైన్ చెట్టు కింద కొంగ. అది ముసలివాళ్ల పుట్టినరోజుకి, నిండు నూరేళ్లు బతకమని ఇచ్చేది. ఇరవై ఆరేళ్ల పెళ్లికూతురికి షష్టిపూర్తి శుభాకాంక్షలు చెప్పినట్టుంటుంది!

ఫొటోలు పెట్టి అడిగితే వాడు వాయిస్ మెసేజ్ పంపాడు, నవ్వుతూ. "కొంగ కూడా శుభమే కదా, మీ విదేశీయులకి ఏ పిట్టైనా పిట్టే, ఎవరు పట్టించుకుంటారు" అని. వెనక ఇంకెవరో ఆడమనిషి కూడా నవ్వడం వినిపిస్తోంది. ఆ మెసేజ్ మళ్లీ మళ్లీ విన్నా, నాకే తప్పు అర్థమైందేమో అని, పక్కన ఉన్న చైనా అబ్బాయికి కూడా వినిపించా, వాడు తలదించుకుని ఫోన్ నాకిచ్చేశాడు. డబ్బులు పోతే పోయాయి, ఆ నవ్వు మాత్రం ఒంట్లోంచి పోవట్లేదు. రిటర్న్ అన్నానో లేదో బ్లాక్. పెళ్లికి చివరికి ఎర్ర కవరే ఇచ్చా, మహా కళాపోషకుణ్ణి!

కొనాలనుకుంటే ఫ్రేము లేకుండా అడగండి, వెనకవైపు వీడియో తీయమనండి, అంచు మాడిందేమో చూడండి, ఏ పిట్ట ఏ పువ్వో ఆర్డర్‌లో రాయించుకోండి.

12315లో (చైనాలో వినియోగదారుల ఫిర్యాదుల నంబరు) కంప్లైంట్ పెడుతున్నా. మనవాళ్లలో ఎవరైనా పెట్టి ఉంటే, వాయిస్ మెసేజ్‌ని సాక్ష్యంగా తీసుకుంటారో లేదో కాస్త చెప్పండి.