నాజిల్ ఒక్కటే మార్చాలా, ఇంజెక్టర్ మొత్తమా? లారీ, టిప్పర్ ఇంజన్లకు ఏది మేలు?

ఘాట్ ఎక్కేటప్పుడు నల్లపొగ, ఐడిల్‌లో దడదడ, మైలేజీ డౌన్. ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే భాగాలు, వాటి కింది కొనే నాజిల్) విప్పి పంపు రూముకు, అంటే డీజిల్ పంపులు, ఇంజెక్టర్లు బాగుచేసే షాపుకు తీసుకెళ్తే అక్కడ మూడు మాటలు వినిపిస్తాయి: కడిగి సెట్ చేద్దాం, నాజిళ్లు మారుద్దాం, సెట్టు మొత్తం కొత్తది వేద్దాం. తీర్పు ముందే చెప్పేస్తే, పాత ఇన్‌లైన్ పంపు బండికి (పంపే ఒక్కో సిలిండర్‌కు విడిగా డీజిల్ తోసే రకం) నాజిళ్లు మార్చడమే మేలు. కామన్ రైల్ బండికి (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టంలో ఒత్తిడితో డీజిల్ నిల్వ ఉంచి, కంప్యూటర్‌తో వదిలే రకం) నాజిల్ ఒక్కటే మార్చడం చాలాసార్లు డబ్బు దండగ. ఎందుకో తెలియాలంటే నాజిల్ కొనలో ఏం జరుగుతుందో చూడాలి. (విప్పే ముందు ఎయిర్ ఫిల్టర్, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు వెళ్లే గొట్టాల్లో చీలికలు చూడండి. గాలి తక్కువైనా పొగ నల్లగానే వస్తుంది.)

200 హార్స్‌పవర్ ఇచ్చే ఆరు సిలిండర్ల ఇంజన్ ఫుల్ లోడ్‌లో ఒక్కో ఇంజెక్షన్‌కు వాడే డీజిల్ సుమారు 100 ఘన మిల్లీమీటర్లు, అంటే రెండు నీటిచుక్కలంత. దాన్ని రెండు మిల్లీసెకన్ల అటూ ఇటూలో, 0.2 మి.మీ. దరిదాపుల్లో ఉండే సన్నని రంధ్రాల గుండా పిస్టన్ తలలోని గిన్నెలోకి కొట్టాలి. రంధ్రం దాటగానే ధార చీలి తుంపరవుతుంది, వేడి గాలిని తనలోకి లాక్కుంటుంది, ఆవిరవుతుంది. మంట నిలిచేది రంధ్రం మూతి దగ్గర కాదు, కొంచెం ఎడంగా. ఆ ఎడంలో ఎంత గాలి కలిస్తే మసి అంత తక్కువ.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ప్రెషర్ పెంచితే డీజిల్ ద్రవంగానే ఇంకా దూరం పోయి పిస్టన్‌కు తగులుతుందనుకుంటారు. అమెరికాలోని శాండియా ప్రయోగశాలలో 1990లలో తీసిన కొలతలు వేరే మాట చెప్పాయి. ప్రెషర్ పెరిగితే తుంపర సన్నబడి, గాలి ఎక్కువ కలిసి, దాదాపు అంతే దూరంలో ఆవిరైపోతుంది. రంధ్రం పెద్దదైతే మాత్రం ద్రవం ఆ మేరకు ముందుకు పోతుంది. అందుకే "పికప్ కోసం" పెద్ద రంధ్రాల నాజిల్ వేయించడం అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. 0.20 మి.మీ. రంధ్రాన్ని 0.22 చేస్తే చూడ్డానికి తేడా తెలియదు, కానీ వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. తుంపర లావవుతుంది, గిన్నె గోడ తడుస్తుంది, పొగ పెరుగుతుంది. తడి లైనర్ (సిలిండర్ లోపలి గోడ) మీదికి చేరితే ఇంజనాయిల్ పలచబడుతుంది. పికప్ వచ్చినట్టు అనిపించేది నిజమే, దాని బాకీ పిస్టన్, రింగులు తీరుస్తాయి.

ఇప్పుడు ఇన్‌లైన్ పంపు బండి సంగతి. ఇందులో నీడిల్‌ను (నాజిల్ రంధ్రాలకు దారి మూసి ఉంచే సూదిని) లేపేది డీజిల్ ఒత్తిడే, మూసేది స్ప్రింగు. తెరుచుకునే ఒత్తిడి మోడల్‌ను బట్టి ఎక్కువగా 200 నుంచి 260 బార్ మధ్య ఉంటుంది. కాబట్టి చేతి టెస్టర్ మీదే దీని జాతకం దాదాపు అంతా తెలిసిపోతుంది. ముందు ఓపెనింగ్ ప్రెషర్ చూడాలి. తర్వాత దానికి 20 బార్ తక్కువలో 10 సెకన్లు పట్టి ఉంచితే మూతి నుంచి చుక్క రాలకూడదు. అన్ని రంధ్రాల నుంచి ధారలు ఒకే పొడవున, ఒకే పొగమంచులా రావాలి. ఒక పక్క తాడులా చిక్కగా వస్తే ఆ రంధ్రం సగం మూసుకుందని లెక్క. టెస్టర్ కింద చెయ్యి పెట్టొద్దు, ఆ ధార చర్మంలోకి దూరుతుంది, అప్పుడు పరుగెత్తాల్సింది ఆపరేషన్ థియేటర్‌కే.

ఈ బండికి కడిగి సెట్ చేయడం ఎప్పుడు చాలు? మూతి మీద కార్బన్ పట్టి, నీడిల్ సీటు (నీడిల్ కూర్చుని మూసే చోటు) మాత్రం బాగున్నప్పుడు. నీడిల్‌ను శుభ్రమైన డీజిల్‌లో ముంచి, బాడీని ఏటవాలుగా పట్టుకుని, మూడో వంతు బయటికి లాగి వదిలితే తన బరువుకు తానే జారి కూర్చోవాలి. జారకుండా పట్టేసినా, సీటు దగ్గర చుక్క కారుతున్నా కడుగుడు దండగ. కారే నాజిల్ మూసుకున్నాక కూడా బొట్టుబొట్టుగా వదులుతుంది, ఆ బొట్టు తుంపర కాదు కనుక సగం కాలి కార్బనవుతుంది. అలా కొన్నాళ్లు నడిస్తే పిస్టన్ కరిగి చిల్లు పడే దాకా పోవచ్చు. రంధ్రంలో తీగ పెట్టి పొడిచే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది, దానికన్నా నాజిల్ పారేయడం నయం. ఒక నీడిల్ ఇంకో బాడీకి వేయకూడదు, రెండూ జంటగా అరగదీసినవి, మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే.

నాజిళ్లు మారిస్తే ఆరూ కలిపే మార్చండి. స్ప్రింగు కింద 0.1 మి.మీ. షిమ్ (పలచని రేకు బిళ్ల) సుమారు 10 బార్ పెంచుతుంది. కొత్త స్ప్రింగు వేస్తే పది బార్ ఎక్కువకే సెట్ చేయాలి, కొద్ది రోజుల్లో అంత దిగుతుంది. ఇంజెక్టర్ మొత్తం కొత్తది కొనాల్సిన పని, బాడీ తుప్పు పట్టినా మర దెబ్బతిన్నా తప్ప, ఈ ఇంజన్లలో దాదాపు రాదు.

కామన్ రైల్ వేరే లోకం. రైలులో, అంటే ఆ గొట్టంలో, ఒత్తిడి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, గరిష్ఠంగా 1600 బార్ దాకా, కొన్నిట్లో 2000 దాటి. నీడిల్ ఎప్పుడు లేవాలో నిర్ణయించేది పైనున్న కరెంటు వాల్వు. అరిగేది నాజిల్ ఒక్కటే కాదు, ఆ వాల్వు సీటు కూడా. అది కోసుకుపోతే డీజిల్ రిటర్న్‌లోకి (ట్యాంకుకు తిరిగి వెళ్లే గొట్టంలోకి) పోతుంది, స్టార్టింగ్‌లో రైలు ప్రెషర్ ఎక్కదు, ఇంజెక్షన్ టైమూ పరిమాణమూ తప్పుతాయి. పైన వాల్వు అలాగే ఉంచి కింద కొత్త నాజిల్ వేస్తే జల్లు చక్కగా ఉంటుంది, డీజిల్ మాత్రం పడాల్సినంత పడదు. చేతి టెస్టర్ మీద జల్లు చూపించి "బాగుంది సార్" అంటే నమ్మకండి. ఐడిల్, పైలట్ (అసలు ఇంజెక్షన్‌కు ముందు పడే చిన్న మోతాదు), ఫుల్ లోడ్, రిటర్న్ నాలుగూ టెస్ట్ బెంచి మీద కొలిచి కాగితం ఇచ్చే చోటికే వెళ్లాలి.

అందుకని ఇక్కడ ఎంపిక రెండింటి మధ్యే. ఒకటి, ఒరిజినల్ నాజిల్, వాల్వు సెట్టు రెండూ మార్చి, మైక్రాన్ల షిమ్ములతో నీడిల్ లిఫ్ట్ సెట్ చేసి, బెంచి రిపోర్టు ఇచ్చే ఓవరాలు. రెండోది కంపెనీ ఎక్స్ఛేంజ్ (పాతది ఇచ్చి తీసుకునేది) లేదా కొత్త ఇంజెక్టర్. బీఎస్‌4 బండికి మంచి బెంచి అందుబాటులో ఉంటే మొదటిదానికే మా ఓటు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్‌6 బండికి రెండోది. కారే ఒక్క ఇంజెక్టర్ విడిచిన మసి సైలెన్సర్‌లోని పార్టిక్యులేట్ ఫిల్టర్‌ను నింపేస్తుంది, ఆ ఫిల్టర్ ఖర్చు ముందు ఇంజెక్టర్ ఖర్చు చిన్నది.

డూప్లికేట్ నాజిల్ ఏ బండికైనా వద్దు. అసలు నాజిల్ రంధ్రం లోపలి అంచును రాపిడి ద్రవం పంపి గుండ్రంగా చేస్తారు. అంచు పదునుగా ఉంటే లోపల ఆవిరి బుడగలు పుట్టి ధార చెదిరిపోతుంది, వాడేకొద్దీ అంచు అరిగి డీజిల్ ఎక్కువ పడుతుంది. కొత్తలో పరీక్షకు నిలిచిన నకిలీ తర్వాత చెడేది అందుకే.

ఎంత మంచి ఇంజెక్టరైనా బిగింపులో చెడిపోతుంది. కింది రాగి వాషర్ మాన్యువల్ చెప్పిన మందమే ఉండాలి. పాతది ఇంజెక్టర్ కూర్చునే గుంతలో ఉండిపోయి, దాని మీద కొత్తది పడితే నాజిల్ పైకి లేచి, జల్లు గిన్నెను తప్పి పిస్టన్ అంచునో హెడ్‌నో కొడుతుంది. కొత్త సెట్టు వేశాక కూడా పొగ తగ్గకపోతే ముందు చూడాల్సింది ఈ వాషరే. హెడ్ పక్క నుంచి కనెక్టర్ ట్యూబు దూరే ఇంజన్లలో ట్యూబులూ కొత్తవి వేయాలి, పాతదాని మూతి కొత్త ఇంజెక్టర్‌కు సరిగ్గా కూర్చోదు. కామన్ రైల్‌లో ఇంజెక్టర్ మీది ట్రిమ్ కోడ్‌ను (ఆ ఇంజెక్టర్ కొలత తేడాలు చెప్పే అంకెలు) స్కానర్‌తో ఈసీయూలో (ఇంజన్ కంప్యూటర్‌లో) ఎక్కించకపోతే ఐడిల్ దడ పోదు.

మార్చిన సెట్టు మళ్లీ త్వరగా మూసుకుపోతోందంటే డీజిల్ ఎక్కడ నిల్వ ఉంటోందో చూడండి. క్వారీల దగ్గర, సైట్ల మీద జింకు పూత డ్రమ్ముల్లో పోసి ఉంచితే ఆ జింకు కొద్దికొద్దిగా డీజిల్‌లో కరిగి, నాజిల్ రంధ్రాల్లో గట్టి పొరగా పేరుకుంటుంది. మామూలు ఇనుప లేదా డీజిల్‌కు పనికొచ్చే ప్లాస్టిక్ ట్యాంకు పెట్టి, వాటర్ సెపరేటర్‌లో నీళ్లు రోజూ వదలండి. ఫిల్టర్ మార్చాక కొత్తదాంట్లో డబ్బాతో డీజిల్ పోయకుండా, హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న పంపు) కొట్టి నింపండి.